పర్మాది గొంతుకు పూలపలక

బెంగావన్ నది పొంగి పేటలో చూరులదాకా నీళ్ళు నిలిచిన వరద ఒకటుంది. పేటవాళ్ళు కాలాన్ని దాన్నిబట్టే లెక్కపెడతారు. ఫలానా పెళ్ళి వరదకు ముందు, ఫలానా బిడ్డ వరద తర్వాత. ఇది వరద తర్వాత మూడో ఏట జరిగింది.

ఆ పొద్దున పర్మాది అనుకున్నది చాలా చిన్న పని. సైకిలు మీద నది మలుపుదాకా పోవాలి, గాలం వేయాలి, మధ్యాహ్నానికి నాలుగు చేపలతో ఇల్లు చేరాలి. చేపల మీద మోజేమీ లేదు. అక్కడైతే పలకరించే మనిషి ఉండడు. అతనికి కావలసింది అదే.

ఎందుకంటే ఎవరైనా పలకరిస్తే బదులు పలకకూడదు. గొంతులో కాయలు లేస్తే ఆస్పత్రిలో కోసి తీశారు. లోపల ఇంకా పచ్చిపుండు. "మానేదాకా ఒక్క ముక్క మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు. మాట్లాడారా, పాట సంగతి దేవుడెరుగు, పలుకే దక్కదు" అని చెప్పింది డాక్టరమ్మ.

ఆ గొంతు ఇరవై ఏళ్ళుగా చేసిన పని మామూలు పని కాదు. పర్మాది పగలు చొక్కాల మీద బొమ్మలు అచ్చు వేసేవాడు. పొద్దు గూకితే 'గెని ఇరెంగ్' అనే హెవీ మెటల్ బ్యాండులో గర్జించేవాడు. ఆ పేరుకు నల్లనిప్పు అని అర్థం. పాటలో మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. అర్థం కావాలని ఎవరూ కోరుకోలేదు కూడా. పొట్టలోంచి తోడిన ఆ అరుపుకు సోలో ఊరి నుంచి సురబాయ నగరం దాకా నల్లచొక్కాల కుర్రాళ్ళు తలలు విదిలించి ఊగేవారు.

కిందటేడు గర్జిస్తే నెత్తురు పడటం మొదలైంది. ఆ సంగతి బయటపడితే కచేరీలకు ఎవరూ పిలవరని బ్యాండువాళ్ళు నోరు మెదపలేదు; ఆపరేషన్ సంగతీ తర్వాత అలాగే దాచారు. గర్జన మానేసి, మామూలు గొంతుతో నింపాదిగా పాడి ఒక ఆల్బమ్ తెచ్చారు. అందులో వేణువు కూడా ఉంది. పాడాక పర్మాదికి ఒక వింత తెలిసింది. తనకు పాడటం వచ్చు. ఇన్నేళ్ళూ అరుస్తూ ఉండబట్టి తెలియలేదు. ఈ పుండు మానితే ఆ గొంతుతో ఇంకొన్ని పాటలు పాడాలి. వేరే ఆశలేవీ అతనికి లేవు.

విన్నవాళ్ళు మాత్రం టీ బండ్ల దగ్గరా, ఇంటర్నెట్ కొట్లలోనూ తీర్పు చెప్పేశారు.

"గెని ఇరెంగ్ ఆరిపోయిందిరా. బూడిదే మిగిలింది."

"ఆ మూడో పాట మా పెద్దమ్మ కూడా వింటోంది. ఇంతకన్నా తలవంపులు ఉన్నాయా?"

"వేణువేంట్రా వేణువు! గేదెల్ని తోలడానికా?"

"డబ్బు రుచి మరిగాడు. చూస్తూ ఉండు, రేపు పెళ్ళి పందిట్లో పాడతాడు."

వీళ్ళలో దమార్ అనే అతను మరీ గట్టివాడు. బ్యాండు పేరు రొమ్ము మీద పచ్చ పొడిపించుకున్నాడు. చెరిపినా పోదు కాబట్టి అతని బాధ పెద్దది. నలుగురినీ కూడగట్టి పర్మాది ఇంటికి ఒక పూలపలక పంపించాడు. ఆ ఊళ్ళో పెళ్ళికీ పూలపలకే, దుకాణం తెరిచినా పూలపలకే, చావుకీ పూలపలకే. మనిషి కన్నా ఎత్తున, చుట్టూ పూలు కుట్టి, మధ్యలో దూరానికి కూడా కనిపించే అక్షరాలతో ఉంటుంది. ఈ మధ్య గిట్టనివాళ్ళను ఎత్తిపొడవడానికి కూడా పంపడం మొదలుపెట్టారు. కానీ ఆ సరదా ఇంకా పేటదాకా రాలేదు.

పలక దింపడానికి వచ్చిన బండివాడు తలుపు తట్టాడు. ఎవరూ తీయలేదు. పర్మాది నది దగ్గర ఉన్నాడు. అతని పెళ్ళాం లస్త్రి తెల్లారకముందే బట్టల మార్కెట్టుకు పోయింది. చావు ఇళ్ళలో తలుపు తీయకపోవడం బండివాడికి అలవాటే. పలకను గోడకు ఆనించి వెళ్ళిపోయాడు.

మొదట చూసింది పక్కింటి సాస్త్రో తాత. ఏళ్ళ తరబడి దగ్గుతున్న మనిషి. పేటలో పోయేవాళ్ళ వరసలో తానే ముందున్నాడని అందరూ అనుకుంటారని ఆయనకు తెలుసు. కళ్ళు చికిలించి చదివాడు. 'తీవ్ర సంతాపం. గెని ఇరెంగ్ పర్మాదికి కన్నీటి వీడ్కోలు.' రెండోసారి చదివి, వీధిపెద్ద దర్సోనోను కేకేశాడు.

"ఓ దర్సోనో! మన పర్మాది పోయాడయ్యా!"

"అదేం మాట తాతా, నిన్న సాయంత్రం కనిపించాడుగా!"

"కనిపించాడు సరే. పలికాడా?"

దర్సోనో ఆలోచించాడు. పలకలేదు. 'ఏం పర్మాదీ, బాగున్నావా' అంటే తల దించుకుని పోయాడు. పొగరనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంట్లో ఎవరూ లేరే తాతా?"

"ఆస్పత్రిలో ఉండుంటారు. శవాన్ని తెచ్చుకోవద్దూ?"

"లస్త్రికి ఫోను చేసి కనుక్కుంటే?"

"ఏమని కనుక్కుంటావ్? నీ మొగుడు పోయాడటగా అనా? నోరెలా వస్తుందయ్యా నీకు?"

దర్సోనో సిగ్గుపడ్డాడు. చావు ఇంటివాళ్ళను ప్రశ్నలు అడగడం పేటలో మర్యాద కాదు. ముందు కుర్చీలు వేయాలి. వేశారు. మసీదు మైకులో పేరు చదివారు. చావు గుర్తుగా సందు మొదట్లో కర్రకు ఎర్రగుడ్డ కట్టారు. పందిరి లేచింది. ఆడవాళ్ళు కత్తిపీటలతో వచ్చి, ఎవరూ చెప్పకుండానే పొయ్యిలు రాజేసి తీపి టీ కాచారు. కాటికాపరి కర్తో పార భుజాన వేసుకుని శ్మశానానికి నడిచాడు. వొనొగిరి కొండల్లో కూతురి దగ్గర ఉంటున్న పర్మాది తల్లి ముగియెమ్మకు కబురు పంపే పని వీధిపెద్దది. దర్సోనో ఆ పనీ చేశాడు. అందరూ పుణ్యం కోసం పరుగులు పెట్టారు. అడిగినవాడు ఒక్కడూ లేడు.

మార్కెట్టులో లస్త్రి చెయ్యి పట్టుకుని తోటి వ్యాపారి ఒకామె, "ఇంటికి పో తల్లీ. గుండె రాయి చేసుకో" అంది. ఎందుకో చెప్పలేదు. అదీ మర్యాదే. లస్త్రి ఆదరాబాదరా వచ్చింది. సందులో ఎర్రగుడ్డ, ఇంటి ముందు పందిరి, పలక మీద మొగుడి పేరు. నిలబడ్డ చోటే కుప్పకూలింది. నలుగురు ఆడవాళ్ళు లోపలికి మోసుకుపోయి ముక్కు దగ్గర నీలగిరి తైలం పెట్టారు. ఇక అనుమానించేవాళ్ళు లేకపోయారు.

కబురు దమార్‌కు ఫోనులో అందింది. పలక పంపిన రోజే మనిషి పోయాడు. అతను రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. తరవాత నల్లచొక్కాలవాళ్ళు ఒక్కొక్కరే మోటారుసైకిళ్ళ మీద పేటకు చేరారు. లోపలిదాకా పోయే ధైర్యం లేక పందిరి చివరి వరసల్లో కూర్చున్నారు.

పర్మాది నది వైపు నుంచి వచ్చాడు. దుమ్ము పడకూడదని డాక్టరమ్మ పెట్టుకోమన్న గుడ్డ ముక్కుకూ నోటికీ అడ్డంగా ఉంది. మెడ చుట్టూ తువ్వాలు. నడుముదాకా ఉండే జుట్టు ఆపరేషన్‌కు ముందు పొట్టిగా తీయించుకున్నాడు. పేటవాళ్ళకు ఆ తల తెలుసు గానీ వాళ్ళందరూ ముందు వరసల్లోనో పొయ్యిల దగ్గరో ఉన్నారు. బయటి ఊళ్ళవాళ్ళు ఆ తలను ఎన్నడూ చూడలేదు.

ఎర్రగుడ్డ చూసి సైకిలు దిగాడు. అయ్యో, సాస్త్రో తాత వెళ్ళిపోయాడన్నమాట, అనుకున్నాడు. చేపలు సైకిలుకే ఉంచి, ఆలస్యంగా వచ్చినవాడు కూర్చోవలసిన చోట, చివరి వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. పందిరి గుడ్డ అడ్డమై, గోడకు ఆనించిన పలక అక్కడికి కనిపించలేదు. తల ఎత్తి చూస్తే రెండు వరసల ముందు సాస్త్రో తాత వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు.

పక్క కుర్చీలో దమార్ ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"మీరు బాగా కావలసినవాళ్ళా, బాబాయ్?" అని అడిగాడు.

పేటవాడినే కదా అని పర్మాది తల ఊపాడు.

"ఎలా పోయాడండీ?"

ఎవరు పోయిందీ పర్మాదికే తెలియదు. మాట్లాడలేనని చెప్పడానికి వేలితో గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఆడించాడు.

దమార్ ముఖం పాలిపోయింది. "ఉరా?"

పర్మాది కంగారుగా రెండు చేతులూ ఊపాడు.

"చెప్పొద్దంటున్నాడు" అని దమార్ అటు పక్క కూర్చున్న స్నేహితుడు కిస్ చెవిలో వేశాడు. "ఇంట్లోవాళ్ళు దాస్తున్నార్రా. ఉరేసుకున్నాడు."

"పలక చూసేనా?"

"ఇంకేం చూసి? పర్మాది అన్నని మనమే చంపాంరా!"

ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. టీ గ్లాసుల పళ్ళెంతోపాటు వంటల దగ్గరికీ పోయింది. పర్మాది మాత్రం తన పేరు దగ్గరే ఆగిపోయాడు. చచ్చింది తానని తెలుసుకోవడానికి మనిషికి కాస్త సమయం పడుతుంది. ముఖానికి కట్టిన గుడ్డ విప్పి లేవబోయాడు. లేచేవాడే. సరిగ్గా అప్పుడు దమార్ నోరు తెరిచాడు.

"దారంతా కొత్త పాటలే విన్నాన్రా. ఆ మూడోది ఉందే... ఆ గొంతులో అంత దిగులుందని మనకెందుకు తెలియలేదు?"

"మనకు చెవులుంటే కదా!" అన్నాడు కిస్. "ఆ వేణువు విన్నావా? తోడు లేని మనిషి ఏడ్చినట్టు లేదూ?"

"పోతున్నానని ముందే చెప్పాడ్రా ఆయన. మనం బూడిద అన్నాం."

"మా పెద్దమ్మకు మొదటే తెలిసింది. నేనే కసిరాను."

దమార్ ముక్కు చీదుకుని ఆ పాట చరణం ఒకటి మెల్లగా చెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు. ఇరవై ఏళ్ళలో పర్మాది పాటలో మాటలు ఇంకొకరి నోట వినిపించడం అదే మొదలు. గుడ్డ ముడి మీద ఉన్న వేళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఈ కబురు విని లస్త్రి ఏమైందో అని మనసు పీకుతూనే ఉంది. ఒక్క నిమిషం, అనుకున్నాడు. ఇంకో చరణం చెబుతాడేమో.

ఇంతలో దర్సోనో మైకు అందుకున్నాడు. ఆస్పత్రి బండి రాలేదు. పొద్దు వాలకముందే మట్టి చేయాలి. శవం వచ్చాక జరగవలసిన తంతు ముందే కానిచ్చేద్దామనుకున్నాడు.

"బంధువులారా! మన మధ్య తిరిగిన పర్మాది మంచివాడేనా?"

"మంచివాడే!" అన్నారు అందరూ, ఆచారం ప్రకారం.

"నిజంగా మంచివాడేనా?"

"మంచివాడే!" సాస్త్రో తాత గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది. పర్మాది కళ్ళు తుడుచుకున్నాడు. పోయినవాడి మీద అతనికీ జాలి కలిగింది.

ఆ నిమిషం ఖరీదైనది. మూడోసారి అడిగేలోపు సందు మొదట్లో వ్యాను ఆగింది. ముగియెమ్మ దిగింది. ఆమెకు చూపు పోయి చాలాకాలమైంది. చేత్తోనే చూస్తుంది. కూతురి భుజం పట్టుకుని పందిట్లోకి నడుస్తుంటే, పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చిన ఒకావిడ కావలించుకుని, జాలి ఆపుకోలేక చెప్పేసింది.

"పాపిష్టివాళ్ళు పాటలు బాలేవన్నారంటమ్మా. ఉరేసుకున్నాడట, బంగారం లాంటివాడు."

కూతురు అక్కడికక్కడే కళ్ళు తేలేసింది. ముగియెమ్మ పడలేదు. చేతులు ముందుకు చాపింది.

"నా కొడుకా? ఉరా? వాడేడీ? నా చేతికి చూపించండి."

చూపించడానికి అక్కడ ఏమీ లేదు.

"అడుగుతున్నది మిమ్మల్నేరా! నా బిడ్డేడీ?" ఊపిరి ఎగదన్నింది. రొమ్ము పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది.

పర్మాది కుర్చీలు తోసుకుంటూ ఉరికాడు. ముఖం మీది గుడ్డ పీకి పారేశాడు. మొదట చూసింది సాస్త్రో తాత. "దయ్యం!" అని ఒక్క కేక పెట్టి, దగ్గుతూనే, ఆ వయసులో గోడ దూకాడు. ఆడవాళ్ళు గరిటెలు వదిలేసి పరుగెత్తారు. టీ పళ్ళేలు నేలపాలయ్యాయి. దర్సోనో మైకుతో సహా బల్ల కింద దూరాడు. అక్కడి నుంచి అతని ప్రార్థన పేటంతా వినిపించింది. చూస్తుండగానే పందిట్లో తల్లి, కొడుకు, సొమ్మసిల్లిన కూతురు, పడిపోయిన కుర్చీలు తప్ప ఏమీ కనిపించలేదు.

పర్మాది ఆమె చెయ్యి తీసి తన చెంప మీద పెట్టుకున్నాడు. వేళ్ళు ముక్కు చూశాయి, నుదురు చూశాయి, తల మీదికి పోయాయి. అక్కడ ఆగాయి.

"ఎవరు నాయనా నువ్వు?" అంది రొప్పుతూ. "మావాడి జుట్టు నడుముదాకా ఉంటుంది. ముసల్దాన్ని, గుడ్డిదాన్ని... నన్నెందుకు మోసం చేస్తావు?"

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది. చెప్పగలిగినవాళ్ళందరూ గోడల అవతలో, బల్లల కిందో ఉన్నారు.

"నా కొడుకువైతే పలుకు. పలకవేం? పలకవే!"

ఆమె పెదవులు నీలంగా తిరుగుతున్నాయి. పర్మాది చుట్టూ చూశాడు. ఎవరైనా ఒక్కరు 'వీడు నీ కొడుకే' అంటారేమోనని చూశాడు. తరవాత గొంతులో పచ్చిపుండు ఎక్కడుందో సరిగ్గా తెలిసి, దాని మీదుగానే, ఉన్న ఊపిరంతా బయటికి తోశాడు.

"అమ్మా!"

అది మామూలు గొంతు కాదు. పొట్టలోంచి పుట్టి, చీరుకుంటూ వచ్చి, పందిరి గుడ్డకు తగిలింది. ముగియెమ్మ చెవి ఒగ్గి విన్నది. ఊపిరి తిరిగింది.

"వీడే" అంది. "చిన్నప్పుడు పాలకు కూడా ఇలాగే అరిచేవాడు." వెంటనే, చెంప ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కుని, ఒక్కటి ఇచ్చింది. "ఏమైనా సరే, ఉరి మాటెత్తుతావట్రా వెధవా!"

అప్పుడు చివరి వరసలో కుర్చీ కింది నుంచి దమార్ తల బయటికి వచ్చింది.

"అదీ!" అన్నాడు. "అదిరా గెని ఇరెంగ్ అంటే!"

నల్లచొక్కాలన్నీ కుర్చీల కింది నుంచి లేచాయి. పిడికిళ్ళు లేచాయి, తలలు ఊగాయి. "ఇంకోసారి! అన్నా, ఇంకోసారి!" ఆ కేకలకు మెలకువ వచ్చి లస్త్రి తడబడుతూ గుమ్మంలోకి వచ్చింది. బతికున్న మొగుణ్ణి చూసి ఒక్క అడుగు పరుగెత్తింది. నోటి నుంచి కారే నెత్తురుకు అతని మెడలో తువ్వాలు ఎర్రబడుతుండటం చూసి రెండో అడుగు దగ్గర ఆగిపోయింది.

"పలికావా?" అంది.

అతను తల ఊపాడు.

సాయంత్రం డాక్టరమ్మ గొంతులోకి చూసి దీపం ఆర్పింది. మందలించలేదు. మందలించడానికి ఏమైనా మిగిలి ఉంటేనే డాక్టర్లు మందలిస్తారు. లస్త్రి అడిగింది, పాడగలడా అని. డాక్టరమ్మ లేదంది. పోనీ మాట్లాడగలడా అంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు ఆ 'అమ్మా' ఫోను నుంచి ఫోనుకు ఊళ్ళు తిరిగింది. ఎవడో అంత గందరగోళంలోనూ పట్టాడు. టీ బండ్ల దగ్గర మళ్ళీ తీర్పులు మొదలయ్యాయి.

"ఇన్నేళ్ళలో వాళ్ళు చేసిన అన్నిటికన్నా ఇదే గొప్పదిరా."

"నిప్పు ఆరలేదన్నమాట. దాచుకుని మనకు వేణువు వినిపించాడు, దొంగ!"

"మరి ఆ కొత్త ఆల్బమ్?"

"చెత్త. బతికున్నవాడు అలా పాడితే చెత్తే."

దమార్ క్షమాపణ చెప్పుకోవడానికి ఇంటికి వచ్చాడు. లస్త్రి గుమ్మంలోనే నిలబెట్టింది. అతను లోపల కూర్చున్న పర్మాదికి వంగి దండం పెట్టాడు.

"తప్పయిపోయిందన్నా. మిమ్మల్ని అనుమానించాం. ఇక నుంచి ఇలాగే పాడండి. అలాంటివి ఒక్క పది చాలు."

"పది కావాలా?" అంది లస్త్రి. తలుపు అతని ముక్కుకు వెంట్రుకవాసి దూరంలో పడింది.

మర్నాడు పొద్దున్నే దడి దగ్గర కర్తో నిలబడి ఉన్నాడు, పార నేలకు ఆనించి.

"నాయనా, నీకోసం తవ్వింది అలాగే ఉంది" అన్నాడు. "ఊరికే పూడ్చకూడదు. ఖాళీ గొయ్యి నోరు తెరుచుకుని ఇంకొకర్ని పిలుస్తుంది. అరటిబోదె పెట్టి పూడ్చాలి. పెద్దల నాటి మాట."

"పూడ్చండయ్యా, తొందరగా పూడ్చండి!" అన్నాడు గోడ అవతలి నుంచి సాస్త్రో తాత. నిన్న గోడ దూకినప్పుడు కాలు బెణికి మంచంలో ఉన్నాడు.

పర్మాది పెరట్లోకి పోయి, గెల కొట్టేసిన చెట్టు చూసి నరికాడు. తన ఎత్తుకు సరిపడా కోశాడు. లస్త్రి ఏమీ అడక్కుండా పాత తెల్లదుప్పటి తెచ్చి ఇచ్చింది. దాన్ని చుట్టి సైకిలుకు కట్టి, ఇద్దరూ నడిపించుకుంటూ శ్మశానానికి పోయారు. దారిలో ఎదురైనవాళ్ళు పలకరించలేదు. చూసి పక్కకు తప్పుకున్నారు.

గొయ్యి నిజంగానే లోతుగా, నీటుగా ఉంది. మోకుతో బోదెను దింపారు. కర్తో పార తీసుకోబోయి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. ఆ పొద్దున అక్కడ ఇంకెవరూ లేరు.

"మొదటి పిడికెడు దగ్గరి బంధువు వెయ్యాలయ్యా" అన్నాడు.

పర్మాది వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. అంతకన్నా దగ్గరివాళ్ళు ఎవరున్నారు గనక.